పెనుకొండ స్టేషన్‌లో నేను లేను

మా పాప గురించి ఊళ్లో చెప్పుకునే కథ ఒకటుంది. అందులో నేను మహా ఓర్పు గల తల్లిని. ఇరవై ఏళ్లు కన్నీళ్లు దిగమింగి, ఒంటిచేత్తో పిల్లను తీర్చిదిద్ది, రైలెక్కడం నేర్పించి, ధర్మవరంలో ఉద్యోగానికి పంపానట. మహిళా దినోత్సవానికి మా హిందూపురంలోనే ఒక కాలేజీవాళ్లు నన్ను పిలిచి శాలువా కప్పినప్పుడు, మైకు పట్టుకున్న లెక్చరరు కూడా ఈ కథే చెప్పాడు. "భూదేవికున్నంత సహనం" అన్నాడు. ముందు వరుసలో కూర్చున్న మా ఆయనకు దగ్గొచ్చింది. అది దగ్గు కాదని నాకు తెలుసు.

నాకు ఓర్పు లేదు. నమ్మకపోతే కోర్టు వీధిలో నా జిరాక్స్ షాపుకు వచ్చే ఎవరినైనా అడగండి. పాపకు రైలెక్కడం నేర్పింది నేను కాదు. నేర్పిన వాట్సాప్ గ్రూపు నన్ను పదిహేను రోజులు బయటికి గెంటేసింది. ఆమె మొదటిసారి ఒంటరిగా ప్రయాణం చేసిన రోజున జరిగిన తప్పు ఒక్కటే, అది చేసింది నేనే. ఇదంతా ఆ రోజు మైకులో చెప్పబోయాను. రెండు నిమిషాలకే "సమయాభావం వల్ల" అని మైకు లాక్కున్నారు. కాగితం మీదైతే ఎవరూ లాక్కోలేరు కదా.

మా పాపకు ఆటిజం అని నాలుగో ఏట బెంగళూరు డాక్టరమ్మ చెప్పింది. మాట తక్కువ. రాయడం వచ్చాక మాట ఇంకా తగ్గింది, రాత పెరిగింది. ఇంటర్ పాసైంది. డిగ్రీలో చేరితే క్లాసులో బల్లలు లాగే చప్పుడు పడక ఆర్నెల్లకే మానేసింది. ఆ తర్వాత ఇంట్లో కూర్చుని గడుల నోటు పుస్తకాల్లో గడులు నింపేది. ఒక పేజీకి ఒక రోజు. నేను వాటిని పిచ్చిగీతలు అనేదాన్ని. అనడమే కాదు, గ్రూపులో రాసేదాన్ని కూడా.

ఆ గ్రూపు పెట్టింది పెనుకొండలో ఒక ప్రైమరీ స్కూలు టీచరు. ఆమె కొడుక్కీ ఆటిజమే. పరిగి నుంచి, నల్లమాడ నుంచి, ఆమడగూరు నుంచి తల్లులు చేరారు. ఎనభై మంది దాకా ఉండేవాళ్లం. పొద్దున లేస్తే పూల బొమ్మలు, దేవుడి బొమ్మలు, ఫలానా లేహ్యం వాడితే మాటలొస్తాయనే కబుర్లు. అయినా నేను ఆ గ్రూపును తక్కువ చేయను. ఆమడగూరు తల్లి ఒకామె శెనక్కాయ చేన్లో కలుపు తీస్తూ వాయిస్ మెసేజ్ పెట్టేది: "అక్కా, మావోడు చెవులు మూసుకోని అరస్తాండాడు, ఏం చేయల్ల?" పది నిమిషాల్లో పది జవాబులు వచ్చేవి. పద్దెనిమిదేళ్లు నేనొక్కదాన్నే మోస్తున్నా అనుకున్నది ఇంతమంది మోస్తున్నారని అక్కడే తెలిసింది.

అందులోకి ఒకరోజు ఒక కొత్త మనిషి వచ్చింది. మొదటి మెసేజే ఇలా ఉంది: "నేను అలాంటి పిల్లకు తల్లిని కాను. నేనే ఆ పిల్లని. వయసు ముప్పై నాలుగు. ధర్మవరంలో పట్టుచీరల అంచులకు డిజైన్లు వేస్తాను."

 నాలుగైదు దండాల బొమ్మలు వచ్చాయి. నేను ఊరుకుంటానా? "ఇంత చక్కగా రాస్తాండావు, ఉద్యోగం చేస్తాండావు, నీకేం కష్టం తల్లీ? మా పిల్లలతో నీకేం పోలిక?" అని పెట్టాను.

ఆమె జవాబు: "మీ అమ్మాయి కూడా చక్కగా రాస్తుందని పోయిన మంగళవారం మీరే చెప్పారు. ఆమెకు స్నానం చేయించాలంటే రోజూ యుద్ధమని కూడా అదే మెసేజ్‌లో చెప్పారు. ఇక్కడ ఎనభై మంది ఉన్నారు. పెట్టేముందు ఆమెను అడిగారా?"

ఒళ్లు మండింది. రెండు రోజులు వాదించాను. నేను నాలుగు పంక్తులు పెడితే ఆమె ఒక పంక్తి పెట్టేది, అదే సరిగ్గా తగిలేది. చివరికి నోరు జారాను. "నా పిల్ల, నా ఇష్టం. కన్నదానికి తెలుస్తుంది, నీకేం తెలుసు?" అన్నాను. ఐదు నిమిషాల్లో నన్ను గ్రూపులోంచి తీసేశారు. టీచరు ఫోన్ చేసి, "పదైదు దినాలు సల్లబడి రా అక్కా. నీతోనూ గొడవే, నువ్వు లేకున్నా సప్పగానే ఉంటాది" అంది.

మూడో రోజు పాప వచ్చి తన ఫోన్ నా ముందు పెట్టింది. తెరిచి ఉన్నది ఆ గ్రూపే. చుట్టాలందరికీ నేనెప్పుడో పంపిన లింకు పట్టుకుని ఎనిమిది నెలల కిందటే చేరిందట. పేరు బదులు ఒక చుక్క పెట్టుకుంది. ఆ చుక్క ఎవరని ఎవరూ అడగలేదు.

"నేను పెట్టినవన్నీ చదివినావా?" అన్నాను. 

ఆమె టైప్ చేసి చూపించింది: "చదివాను. స్నానం గురించి తప్పు రాశావు. నాకు స్నానం ఇష్టం. ఇనుప బకెట్ గచ్చు మీద గీసుకునే చప్పుడు ఇష్టం లేదు."

మర్నాడు ప్లాస్టిక్ బకెట్ కొన్నాను. ఏళ్ల తరబడి సాగిన యుద్ధం ఆ పూటతో అయిపోయింది. ఆ తర్వాత నేను వంటింట్లోకి పోయి చాలాసేపు గిన్నెలు తోమాను, తోమినవే.

పదిహేను రోజులు గడిచి నేను మళ్లీ గ్రూపులోకి వచ్చేసరికి ఆ ధర్మవరం డిజైనర్ కూడా అడ్మిన్ అయి కూర్చుంది. నేను క్షమాపణ రాశాను. "సరే" అని ఒక్క మాట వచ్చింది. అంతే. ఎమోజీ కూడా లేదు.

ఆ నెలలోనే ఆమె తను వేస్తున్న అంచు బొమ్మ ఒకటి గ్రూపులో పెట్టింది, ఊరికే చూడమని. వరసగా చిలుకలు. అందరూ బాగుంది బాగుంది అన్నారు. చుక్క మొదటిసారి నోరు విప్పింది: "ఎడమ నుంచి మూడో చిలుక ముక్కులో ఒక గడి తక్కువ ఉంది."

డిజైన్‌లో ఒక్కో గడీ మగ్గం మీద ఒక్కో పోగు. గడుల ప్రకారం అట్టలకు రంధ్రాలు కొడతారు, ఆ అట్టల ప్రకారం మగ్గం నేస్తుంది. గడి ఒకటి తప్పితే ఆ చిలుక వచ్చిన ప్రతిచోటా, ఆ చీర పొడవునా, ఆ అట్టలతో నేసిన ప్రతి చీరకూ ముక్కు వంకరే. అట్టలు కొట్టకముందే దొరికింది కాబట్టి సరిపోయింది. పని చేయించే యజమానీ చూడలేదు, డిజైనరూ చూడలేదు. నేను పిచ్చిగీతలన్న గడులు నింపిన కళ్లు చూశాయి.

"పనికి వస్తావా?" అని డిజైనర్ అడిగింది. నన్ను కాదు, చుక్కను. ఇద్దరే కూర్చునే గది, రోజుకు నాలుగు గంటలు, వారానికి మూడు రోజులు. ఒకటే షరతు. "ఒంటరిగా రావాలి. అమ్మ పక్కన కూర్చుంటే యజమాని అమ్మతోనే మాట్లాడతాడు. నాకు అలాగే ఆరేళ్లు పోయాయి."

మూడు వారాలు నేను ఒప్పుకోలేదు. హిందూపురం నుంచి ధర్మవరం ఒకే రైలు, మధ్యలో మారే పని లేదు, అయినా ఒప్పుకోలేదు. తప్పిపోతే? ఎవడన్నా ఏమన్నా అంటే? మా ఆయన బస్సు డిపోలో మెకానిక్. ఏడాదికి పది మాటలు మాట్లాడతాడు. అందులో ఒకటి ఆ వారం ఖర్చు పెట్టాడు: "బండి ఎంత మంచిదైనా షెడ్డులోనే పెడితే తుప్పు పడతాదిమ్మే."

డిజైనరూ పాపా కలిసి ఒక కాగితం తయారు చేశారు. రైలు ప్రయాణాన్ని మెట్లుమెట్లుగా విడగొట్టారు. టికెట్ ఎక్కడ, ఏ చేత్తో కడ్డీ పట్టుకుంటే మెట్టెక్కడం సులువు, ఎవరన్నా పేరడిగితే చెప్పకపోయినా పరవాలేదు అన్నంత వరకూ. నేను ఆమెతో నాలుగుసార్లు వెళ్లాను. రెండుసార్లు పక్క పెట్టెలో కూర్చున్నాను. ఇక ఒంటరిగా పోవడమే మిగిలింది.

ముందు రోజు సాయంత్రం నేను చింతపండులో గింజలు తీస్తున్నాను. పాప వచ్చి కాగితం చూపించింది: "రైల్లో భయమేస్తే నువ్వు ఎక్కడ ఉంటావు?"

తలెత్తకుండానే అన్నాను, "పెనుకొండలో ఉంటాలే. ఆడే ఉంటా పో."

ఇది మా వైపు అబద్ధం కింద లెక్క కాదు. ఇంట్లో తల దువ్వుకుంటూనే "సర్కిల్ కాడుండా, వచ్చేస్తాండా" అంటాం. అవతలివాళ్లు కూడా నమ్మరు, ఇంకో అరగంట పడుతుందని అర్థం చేసుకుని వాళ్లూ ఇంట్లోనే కూర్చుంటారు. పిల్లల్ని బడిలో దింపి "గేటు కాడే ఉంటా" అని ఇంటికొచ్చేస్తాం. దాన్ని ధైర్యం చెప్పడం అంటాం. నేను ధైర్యమే చెప్పాననుకున్నాను. పాప ఆ మాటను కాగితంలో ఒక మెట్టుగా రాసుకుంది: "పెనుకొండ. అమ్మ ఉంటుంది." నేను చూడలేదు.

మర్నాడు పొద్దున హిందూపురం స్టేషన్‌లో రైలెక్కించి షాపుకు వచ్చాను. గ్రూపులో పాప మెసేజ్‌లు వస్తున్నాయి. "రైలు కదిలింది." "కిటికీ పక్కన సీటు దొరికింది." ఎనభై మంది చప్పట్లు. తర్వాత ఇది వచ్చింది:

"పెనుకొండలో దిగాను. అమ్మ ఇక్కడ ఉంటానని చెప్పింది. ప్లాట్‌ఫారం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా రెండుసార్లు చూశాను. లేదు. రైలు వెళ్లిపోయింది."

మిషన్‌లోంచి ఎవరివో కోర్టు కాగితాలు వస్తూనే ఉన్నాయి, ఆపడం కూడా తోచలేదు. ఫోన్ చేశాను. ఆమె ఫోన్ ఎత్తదు, ఎప్పుడూ ఎత్తదు. విడిగా మెసేజ్‌లు పెట్టాను. ఒకచోట మాట్లాడేటప్పుడు ఇంకోచోట చూసే అలవాటు ఆమెకు లేదు. గ్రూపులో మాత్రం అందరూ ఒక్కసారే మొదలుపెట్టారు. పోలీసులకు చెప్పమని ఒకరు, ఆంజనేయస్వామికి మొక్కుకోమని ఒకరు, ఆమడగూరు ఆమె ఏడుస్తూ రెండు నిమిషాల వాయిస్. నేను "పాపా, ఆడే ఉండు, వస్తాండా" అని టైప్ చేసి నొక్కాను. పోలేదు. మళ్లీ నొక్కాను. పోలేదు.

అప్పటికే డిజైనర్ గ్రూపును మూసేసింది. ఇక అడ్మిన్లు తప్ప ఎవరూ రాయలేరు. పాపను అడ్మిన్ చేసింది. నన్ను చేయలేదు. ఎనభై మంది నోళ్లూ కుట్టేసి, ఆ నిశ్శబ్దంలో ఒక ప్రశ్న అడిగింది:

"ఇప్పుడు నీకు మనిషి కావాలా, దారి కావాలా?"

టీచరు నాకు ఫోన్ చేసింది. "అక్కా, స్టేషన్ మా బడికి దగ్గరే. పర్మిషన్ తీసుకోని పోనా?"

"పో, పరిగెత్తు, ఇంగా అడగతాండావా!" అని అరిచాను.

"ఉండక్కా, పాప జవాబు వచ్చె చూడు."

ఒకే మాట: "దారి."

"రైలు రెండు గంటల తర్వాత ఉంది. బస్సు ముందే ఉంది, కానీ చప్పుడు ఎక్కువ. ఏది?"

"రైలు. బెంచీ మీద నీడ ఉంది. కూర్చుంటాను."

"నీళ్లు?"

"సగం సీసా. టికెట్ మళ్లీ తీసుకుంటాను. అది నాలుగో మెట్టు."

మా పాప స్టేషన్‌లో నింపాదిగా కూర్చుంటే, నేను షాపుకు తాళం వేసి బస్టాండుకు పరిగెత్తి పెనుకొండ బస్సెక్కాను. దారిలో మా ఆయన ఫోన్.

"యాడుండావు?"

"షాపులోనే ఉండా."

"షాపులో హారన్ ఎవురు కొడతాండారు?"

ఫోన్ పెట్టేశాను. ముందు రోజు సాయంత్రం నుంచి నా నోరు అదే తప్పు రెండోసారి చేసింది, అదీ అలవాటుగా.

బస్సు సోమందేపల్లిలో ఆగింది. అక్కడి నుంచి పెనుకొండ ఎంతో దూరం లేదు. ఫోన్ చూసుకున్నాను. పాప రాసింది: "కొండ మీద కోట గోడ కనిపిస్తోంది. ప్లాట్‌ఫారం మీద పందొమ్మిది మంది ఉన్నారు. మొదట భయమేసింది. ఇప్పుడు లేదు." దాని కింద ఇంకొకటి: "అమ్మా, నువ్వు ఇది చదువుతుంటే రావద్దు. నువ్వు వస్తే నేను ఒంటరిగా వచ్చినట్టు కాదు. పని పోతుంది."

నా జన్మలో నేను ఓడిపోయిన వాదన అదొక్కటే, అదీ నోరెత్తకుండా. "ఉండప్పా, దిగల్ల" అన్నాను.

కండక్టరు టికెట్ వైపు చూశాడు. "పెనుకొండకు తీసుకోని ఈడ దిగతాండావేందమ్మా?"

"నా కూతురు ఈడే దిగమనె."

"కూతురు యాడుండాది?"

"పెనుకొండలో."

ఆయన ఇంకేమీ అడగకుండా విజిల్ వేశాడు.

సోమందేపల్లి బస్టాపు పక్కన టీకొట్టు బల్ల మీద కూర్చున్నాను. వెళ్లాలనిపించిన ప్రతిసారీ ఒక టీ చెప్పాను. ఎన్ని తాగానో కొట్టతనికే తెలియాలి. ధర్మవరం వైపు పోయే బస్సులు నా ముందే ఆగాయి, నేను చెంగు పిడికిట్లో పట్టుకుని కూర్చున్నాను. "రైలు వచ్చింది." "ఎక్కాను." "కిటికీ సీటు లేదు, పరవాలేదు." తర్వాత చాలాసేపు ఏమీ లేదు. చివరికి వచ్చింది:

"ధర్మవరం. దిగాను. డిజైనరక్క పసుపు గొడుగు పట్టుకుని నిలబడి ఉంది, కాగితంలో రాసినట్టే."

డిజైనర్ గ్రూపు తెరిచింది. కట్ట తెగినట్టు మెసేజ్‌లు. ఆమడగూరు ఆమె ఈసారి నవ్వుతూ ఏడ్చింది, చేన్లో మిగతా కూలోళ్లు ఈలలు వేయడం కూడా వినిపించింది. నేను బల్ల మీంచి లేచి "వచ్చేసింది!" అని అరిచాను. టీకొట్టతను ఉలిక్కిపడి, "ఎవురమ్మా, బస్సా?" అన్నాడు.

"మా పాప!"

"యాడికి?"

"పనికి!"

ఆ మాట అంత గట్టిగా అనడానికి నాకు ఇరవై ఒక్క ఏళ్లు పట్టింది. నేనింత అరిస్తే ఎవరూ ఏమనకుండా నవ్వింది సోమందేపల్లిలోనే.

ఆ రోజు యజమాని పాపను అడిగాడట, "మీ అమ్మ రాలేదా?" అని. మా పాప నోటితోనే చెప్పిందట: "ఇంట్లో ఉంది." అదీ నిజం కాదు, నేను టీకొట్టులో ఉన్నాను. కానీ ఆ తప్పు ఆమెది కాదు.

ఇప్పటికి ఏడాదిన్నర దాటింది. మొన్న పెనుకొండలో ఒక పెళ్లికి పాప అంచు వేసిన చీర కట్టుకుని వెళ్లాను. మా ఆయన మేనత్త కొంగు పట్టుకుని తిప్పి చూసింది. "ఏమ్మే, ఈ చిలకల అంచు యాడ దొరికె?"

"మా పాప వేసిందత్తా."

"నువ్వు నేర్పిస్తివా?"

"నాకు ఒక గడి కూడా సక్కగా గీయను రాదు."

"ఏమన్నా చెప్పు, నీ ఓర్పు ఉండాదే…"

"ఓర్పు లేదు, గీర్పు లేదత్తా. నన్ను సోమందేపల్లిలో దింపేసి అది పోయింది."

 పూర్తి కథ చెప్పేదాకా అత్త నన్ను భోజనం పంక్తికి లేవనివ్వలేదు. పాప పక్క వరుసలో చెవులకు దూది పెట్టుకుని, ఎదుట కూర్చున్న వాళ్ల చీరల అంచులు ఒక్కొక్కటిగా పరీక్షిస్తోంది. రెండింటిలో తప్పులు పట్టిందట. వెళ్లి చెప్పబోతే నేనే ఆపాను. ఆపింది సరైనదో కాదో ఇంకా తేల్చుకోలేదు.

గ్రూపులో ఇప్పుడు పెద్దవాళ్లు, అంటే ఆటిజం ఉన్న పెద్దవాళ్లు, ఆరుగురున్నారు. పూల బొమ్మలు పోయాయి. ఎవరన్నా ఎక్కడున్నావని అడిగితే ఉన్న ఊరి పేరే రాయాలి, అది నేను పెట్టించిన నియమం. పోయిన వారం నల్లమాడ నుంచి ఒక కొత్త తల్లి చేరి, పాపకు బట్టలు మార్చడం ఎంత కష్టమో పొడుగ్గా రాయడం మొదలుపెట్టింది. "రాసేముందు పాపను అడిగినావా అమ్మా?" అని పెట్టాను. ఆమెకు కోపం వచ్చింది. బాగా వచ్చింది. నన్ను నాకే చూపించినట్టు వాదించింది. డిజైనర్ నా మెసేజ్ కింద బొటనవేలు బొమ్మ పెట్టింది. ఆమె దగ్గర నుంచి నాకు వచ్చిన ఎమోజీ అదొక్కటే. నాకు కప్పిన శాలువా ఏ బీరువాలో ఉందో తెలియదు కానీ, ఆ బొటనవేలును ఫోటో తీసి దాచుకున్నాను.

ఇది రాశాక పాపకు ఇచ్చాను, అడగకుండా ఎక్కడికీ పంపనని. రెండు పేరాలు కొట్టేసింది. స్నానం ముచ్చట ఉంచమంది, బకెట్ సంగతి వేరేవాళ్లకు పనికొస్తుందట. రెండో చిలుక అని రాస్తే మూడోదని దిద్దింది. పెనుకొండలో ఉంటానని నేను చెప్పిన చోట, మార్జిన్‌లో, గడిలో పట్టేంత చిన్న అక్షరాలతో రాసింది: "ఇది మొదటిసారి కాదు."

అప్పటినుంచి అడుగుతూనే ఉన్నాను. నోటితో అడిగాను, రాసి అడిగాను. తీరికైనప్పుడు చెబుతానంది. ఈడే ఉంటా అని చెప్పి నేను ఎన్నిసార్లు ఇంటికొచ్చేశానో నాకే గుర్తులేదు. బడి గేటు దగ్గర, ఆసుపత్రి వరండాలో, పెళ్లి పందిళ్లలో, ఆ మాట నమ్మి నా పిల్ల ఎక్కడెక్కడ నిలబడి, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఎన్నిసార్లు నాకోసం చూసింది?